తల తెరిచినప్పుడు మాట్లాడుతూనే ఉండాలట

ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడి ముందు, పట్టపగలు, నా నోట మాట ఆగిపోయింది. నన్నెరిగినవాళ్లు ఈ వాక్యాన్ని నమ్మరు. బడిలో నేను తిన్న దెబ్బలన్నీ మాట ఆపనందుకే.

మాట్లాడటమే నా పని. ఆటో మీద రెండు స్పీకర్లు, లోపల మైకు, మైకు వెనక నేను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య ఎవరికి ఏం చాటించాలన్నా మమ్మల్ని పిలుస్తారు. చీరల మీద తగ్గింపు, కొత్త బడిలో అడ్మిషన్లు, తప్పిపోయిన ఎద్దు, పోయిన పెద్దాయన. ఎద్దుకూ పెద్దాయనకూ ఒకే గొంతు వాడకూడదని మొదటి వారంలోనే నేర్చుకున్నాను. మడకశిర వైపు పోతే సగం కన్నడంలో చెప్పాలి. అదీ వచ్చు. ఆటో నడిపేది మా బావ, అక్క మొగుడు. ఆయన మాట్లాడడు. మా ఇద్దరి మాటలూ కలిపి లెక్కేస్తే మామూలు మనుషుల సగటు వస్తుంది.

ఆ రోజు పెళ్లిళ్ల సీజను. అంగడి ముందు జనం బాగానే ఉన్నారు. "అక్కలారా, అమ్మలారా, అసలు సిసలు ధర్మవరం..." అన్నాను. తర్వాత రావాల్సింది 'పట్టుచీరలు'. రాలేదు. ఆ మాట నాకు తెలుసు. దాని రంగు తెలుసు, అంచు తెలుసు, లోపల మడత పెట్టి ఉంది. నోటిదాకా మాత్రం రాదు. కుడివైపు పెదవి ఎవరో దారం కట్టి లాగినట్టు లాగింది. గొంతులోంచి 'ప్... ప్...' అని ఒక శబ్దం, పాత మోపెడ్ స్టార్టు కానప్పటిది.

"ఏమైంది బామ్మర్దీ, మైకు పోయిందా?" అని బావ మైకును అరచేత్తో కొట్టాడు. వీధంతా ధబ్ మని మోగింది. మైకు బాగానే ఉంది. పోయింది నేను.

జనం నవ్వారు. వాళ్ల తప్పు లేదు, నవ్వించడానికే నన్ను పెట్టుకున్నారు. అంగడాయన బయటికొచ్చి, "ఏమప్పా, నా చీరలు చూసి మాట పడిపోయినట్ల యాక్టింగు చేస్తాండావా? బాగుండాది. ఆ పక్క సందులో గూడా ఒకసారి చెయ్యి," అన్నాడు.

కాసేపటికి మాట దానంతట అదే వచ్చేసింది, కరెంటు వచ్చినట్టు. వచ్చాక నేనేమీ జోకు వెయ్యలేదు. బావ నా ముఖంలోకి చూసి, అడక్కుండానే ఆటోను హిందూపురం దారి పట్టించాడు. దారిలో పెనుకొండలో మా ఇంటి ముందు ఆపి నాయనను ఎక్కించుకున్నాడు. అప్పటికి నాకు సగం అర్థమైంది, ఇది టీ తాగితే పోయేది కాదని.

హిందూపురంలో డాక్టరు ఒక స్కానింగు సెంటరుకు రాసిచ్చాడు. అక్కడ మిషను నడిపే కుర్రాడు నన్ను లోపలికి పంపేటప్పుడు క్రికెట్ మాట్లాడాడు, 'కదలకు మామా' అన్నాడు. అంతా అయ్యాక, "మెల్లిగా దిగండి సార్," అన్నాడు. ఇంతవరకు నన్ను ఎవరూ సార్ అనలేదు. నాకు భయం మొదలైంది అక్కడ.

బయట నాయన ఆ ఫిల్మును ఎండకు ఎత్తి చూశాడు. మా నాయనకు పెనుకొండ బయట కొంచెం మెట్ట చేను, వాన పడితే చెనిక్కాయ పంట. మబ్బును చూసి వాన చెప్పగలడు కాబట్టి ఆ తెల్లటి మచ్చను కూడా అట్లాగే చూశాడు.

"ఏమంటాండారు నాయనా?" అన్నాను.

"బెంగళూరికి పొమ్మంటాండారు," అన్నాడు.

బెంగళూరు డాక్టరమ్మ కన్నడావిడ. మాతో తెలుగు మాట్లాడేది, నిండు బిందెను దించినంత జాగ్రత్తగా. నా మెదడులో ఎడమ పక్క, మాటలు తయారయ్యే చోటును ఆనుకుని గడ్డ ఉందని, అంగడి ముందు నా మాట ఆపింది దానివల్ల వచ్చిన ఫిట్సేనని, దానికి మాత్రలు వాడాలని, గడ్డ మాత్రం నెమ్మదిగా పెరిగే రకంలా కనిపిస్తోందని చెప్పింది.

"నెమ్మది అంటే ఎంత మేడం? ప్యాసింజరు రైలంతనా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "ప్యాసింజరు కూడా ఊరు చేరుతుంది కదా," అంది. ఎదుటివాళ్ల జోకు నా జోకును మింగేయడం నాకు కొత్త.

ఆ తర్వాత చెప్పింది విని అమ్మ నా భుజం పట్టుకుంది. మొదట మత్తిచ్చి తల తెరుస్తారట. తెరిచాక నన్ను లేపుతారట. వాళ్లు పని చేస్తున్నంతసేపూ నేను మెలకువగా ఉండి మాట్లాడుతూనే ఉండాలట. ఏ చోట తాకితే నా మాట తడబడుతుందో, ఆ చోటును ముట్టుకోకుండా వదిలేస్తారట.

"తల తెరిచినాంక ఎవురితో మాట్లాడల్లమ్మా వాడు?" అంది అమ్మ.

"ఎవురితోనైనా మాట్లాడతాడులే. ఊరకుండేదే వాడికి కష్టం," అన్నాడు నాయన. నవ్వించాలనే అన్నాడు, కానీ ఆ గొంతు విని ఎవరూ నవ్వలేదు.

చివరగా డాక్టరమ్మ నన్ను ఒక మాట అడిగింది. "గడ్డలో కొంత భాగం, మీ మాట ఉన్న చోటు, రెండూ ఒకటే అయితే? అక్కడ ఆపెయ్యమంటారా? మాట పోయినా మొత్తం తీసెయ్యమంటారా? మిగిలితే మళ్లీ పెరగొచ్చు. ఎప్పుడో చెప్పలేను."

నేను నోరు తెరిచేలోపే నాయన అందుకున్నాడు. "అంతా తీసేయండమ్మా. చేన్లో తుంగగడ్డ ఒకటి మిగిల్తే చాలు, మళ్లా చేనంతా అదే. నాకు తెల్దా?"

"మీరు కాదు, ఆయన చెప్పాలి," అంది ఆమె నన్ను చూపించి. "తొందర లేదు. ఆపరేషనుకు ముందు చెప్పండి."

ఇంటికొచ్చాక నేను చేయకూడని పని చేశాను. ఫోనులో మెదడు ఆపరేషన్ల చరిత్ర చదివాను. మధ్యాహ్నాలు ఫ్యాను కింద పడుకుని అదే పని.

వేల ఏళ్ల కిందటి పుర్రెలు తవ్వకాల్లో దొరికాయట, గుండ్రటి చిల్లులతో. రాతి పనిముట్లతో చేసినవట. కొన్నింటి చిల్లు అంచులు నున్నగా మాని ఉన్నాయట. అంటే ఆ మనిషి తలకు చిల్లు పెట్టించుకుని, లేచి, అన్నం తిని, ఇంకొన్నాళ్లు బతికాడన్నమాట. పుర్రె బొమ్మను చూసి ధైర్యం తెచ్చుకున్నవాణ్ని మా జిల్లాలో నేనొక్కణ్నే అయ్యుంటాను.

మాట మెదడులో ఎక్కడుంటుందో శానా కాలం ఎవరికీ తెలియదట. ఒక దేశంలో ఒకాయనకు అన్నీ అర్థమయ్యేవట, నోట మాత్రం ఒకే ఒక్క ముక్క వచ్చేదట. ఏమడిగినా ఆ ముక్కే. ఆయన చచ్చిపోయాక డాక్టరు మెదడును బయటికి తీసి చూస్తే, ఎడమ పక్క ముందు భాగం పాడై ఉందట. మాట ఉండే చోటు తెలిసిందని లోకం సంతోషించింది. మనిషి చచ్చాక తెలుసుకునే ఈ పద్ధతి నాకు అంతగా నచ్చలేదు.

తర్వాతి తరం డాక్టర్లు బతికున్నవాళ్లనే అడగటం మొదలుపెట్టారు. మెదడును ముట్టుకుంటే నొప్పి తెలియదట, చిత్రం. నొప్పి తెలిసేదంతా పైన తోలుకే. అందుకని తోలుకు మాత్రం మొద్దుబారే సూది వేసి, మనిషిని మెలకువగా ఉంచి, మెదడు మీద ఒక్కో చోట సన్నటి కరెంటు తాకించి, 'ఇప్పుడేమైంది?' అని అడిగేవాళ్లట. 'బొటనవేలు జిల్లుమంది', 'మాట రావడం లేదు' అని వాళ్లు చెబితే, అక్కడ అంకె రాసిన చిన్న కాగితం ముక్క పెట్టేవాళ్లట. ఇప్పుడు పుస్తకాల్లో ఉండే మెదడు పటాన్ని గీసింది ఆ పడుకున్నవాళ్లే. భయంతో చెమటలు కక్కుతూ, బొటనవేలి సంగతి నిజాయితీగా చెప్పినవాళ్లు. వాళ్ల పేర్ల కోసం వెతికాను. నాకైతే దొరకలేదు.

రెండు భాషలు వచ్చినవాళ్లకు ఒక్కో భాష మాట ఒక్కోసారి కొంచెం పక్కపక్క చోట్ల ఉండొచ్చని కూడా తర్వాత కనిపెట్టారట. అది బావకు చెప్పాను.

బావ బాగా ఆలోచించాడు. "అంటే తెలుగు పోయినా కన్నడం మిగలొచ్చు."

"మిగలొచ్చు."

"సరేలే. మడకశిర దావన బతికేద్దాం."

ఆయన జోకు వేశాడో, దారి ఆలోచించాడో ఇప్పటికీ నాకు తెలియదు.

ఈ చదువులేవీ మా అవ్వకు పట్టలేదు. నాయనను కన్న తల్లి, ఇంట్లో చివరి మాట ఆమెది. "డాక్టరు కత్తి పెట్టే తల మీద ముందర దేవుని కత్తి పడల్ల," అంది. "ఎట్లాగూ వాళ్లు గీస్తారు గదా. ఆ వెంట్రుకలు ఆసుపత్రి చెత్తబుట్టలో పోసేకి పెంచినామా? స్వామికిస్తే స్వామి కాస్తాడు."

తర్కంలో ఎక్కడా సందు దొరకలేదు. ఎట్లాగూ పోయే జుట్టు, ఎవరికిస్తే ఏం? సోమందేపల్లి దాటి లోపలికి పోతే ఒక చిన్న పల్లెలో మా ఇంటి దేవర గుడి ఉంది. ఆసుపత్రిలో చేరడానికి వారం ముందు ఇంటిల్లిపాదీ ఆటోలో పోయాం. గుండు గీసే ముసలాయన చెట్టు నీడ కూడా లేని చోట పీట వేసి, నా తల తడిపి, "మీసం గూడానా?" అని అడిగాడు.

మావైపు నాయన పోయినవాడే మీసం తీయించుకుంటాడు.

"నేనీడనే నిలబడుండాను గదప్పా!" అన్నాడు నాయన. నవ్వాం. ఎన్నో రోజుల తర్వాత అందరం ఒకేసారి నవ్వాం. ఆ ఊపులో నాయన కూడా గుండు గీయించుకున్నాడు. ముసలాయన చెయ్యి కొంచెం వణికేది. కత్తి కూడా నాకంటే ముందు చాలా తలలు చూసింది. అక్కడక్కడా గాట్లు పడ్డాయి. అవ్వ వాటి మీద గంధం, పసుపు కలిపి దట్టంగా పూసింది. ఆ గంధంతోనే ఎండలో ఆటోలో ఇంటికి. తల మీద చల్లగా ఉంది, దేవుడు చెయ్యి పెట్టాడనుకున్నాను.

ఆసుపత్రికి పోయేనాటికి ఎడమ చెవి పైన, సరిగ్గా అక్కడే, మూడు సెగగడ్డలు లేచాయి. చిన్నవేలే అనుకున్నాం. టోపీ పెట్టుకుని పోయాను.

డాక్టరమ్మ టోపీ తీసింది. చూసింది. ఏమీ అనలేదు.

అమ్మ ఆ మౌనాన్ని మెచ్చుకోలు అనుకుంది. "మీకు పని తగ్గుతాదని ముందరే గీయించినామమ్మా," అంది సంతోషంగా.

"ఎందుకమ్మా..." అని డాక్టరమ్మ కుర్చీలో కూర్చుంది. "మేం గుండు చెయ్యం. కోసే దారిలో వేలు వెడల్పు మాత్రం తీస్తాం. అది కూడా కత్తితో కాదు, మిషనుతో, ఆపరేషను బల్ల మీదనే."

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. మెల్లిగా వివరించింది. ఒకప్పుడు డాక్టర్లు కూడా మా అవ్వలాగే ఆలోచించేవాళ్లట. ముందురోజే కత్తితో నున్నగా గీయించేవాళ్లట, అదే శుభ్రం అనుకుని. కంటికి కనబడని గాట్లలో సూక్ష్మజీవులు చేరి చీము పడుతోందని పరిశోధనల్లో తేలాక మానేశారట. అట్లాంటి తోలును కోసి లోపలికి పోతే ఆ చీము మెదడుకు చేరుతుంది. పుండ్లు పూర్తిగా మానేదాకా ఆమె తాకదు. మందు రాసిచ్చి ఇంటికి పొమ్మంది.

"గడ్డ ఊరకుంటాదా అంతవరకు?" అని అడిగాడు నాయన.

"ఉంటుందనే అనుకుందాం. ఫిట్స్ మాత్రలు మాత్రం ఒక్కటి కూడా తప్పొద్దు," అంది.

తిరుగు బస్సులో అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్కసీటు ఆమె మా ఇద్దరి గుండ్లూ చూసి, "ఎవురు పోయినారమ్మా?" అని అడిగింది. "ఇంకా ఎవురూ పోలేదు," అని నేనే చెప్పాను. ఆ 'ఇంకా' నా నోట్లోంచి ఎందుకొచ్చిందో తెలియదు. అమ్మ ఏడుపు ఆపేసి నన్ను చూసింది. నాకు సిగ్గేసింది.

అవ్వకు నిజం చెప్పలేదు. డాక్టరుకు ఊరికి పోయే పని పడిందని చెప్పాం. ఆమె, "చూసినావా, స్వామి ఆపినాడు," అంది. నాకూ అదే అనుమానం వచ్చింది. ఏం మొక్కిందో, ఆయన ఏం విన్నాడో.

ఆ రోజుల్లో నేను భయాన్ని పెంచి పోషించాను. పొద్దున్నే లేస్తూనే గొంతు లోపల పరీక్ష పెట్టుకునేవాణ్ని. చెంబు, చాప, తలుపు, అమ్మ. అన్నీ వచ్చాయా? వచ్చాయి. ఏదైనా మాట ఒక క్షణం ఆలస్యమైతే చెమట పట్టేది. మామూలుగా మరిచిపోయే హక్కు కూడా పోయింది నాకు. అమ్మ ఎండలో కూర్చోబెట్టి పుండ్లకు మందు రాసేది, ఊదుతూ. ఆమె వేళ్ల కింద, తోలు కింద, ఎముక కింద ఆ గడ్డ తన పని తాను చేసుకుంటూ ఉందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఎండ గురించి మాట్లాడుకునేవాళ్లం.

ఒక సాయంత్రం బావ ఆటో తెచ్చాడు. "రా, రోంత రికార్డింగు చేసి పెట్టుకుందాం," అన్నాడు. హైవే పక్కన, మా చేను గట్టు మీద ఆటో ఆపి పక్క పరదాలు దించాం. లారీలు పోయే సందుల్లో నేను చెప్పేవాణ్ని.

"ప్రియమైన ప్రజలారా! మీ..."

"ఊరి పేరు?"

"ఖాళీ పెట్టు. తర్వాత ఎవురి గొంతైనా అతికించుకో."

అట్లా అన్నీ చెప్పాను. చీరలు, ఎరువులు, కంటి పరీక్షల శిబిరం, తప్పిపోయిన ఎద్దు. 'దుఃఖంతో తెలియజేస్తున్నాం' దగ్గర ఒక్క క్షణం ఆగి, అదీ చెప్పాను. నేను లేకున్నా నా గొంతు ధర్మవరం సందుల్లో తిరుగుతుందన్నమాట. మంచి వ్యాపారమే.

అన్నీ అయ్యాక బావ అటు తిరిగి, "మా అత్తకు గూడా ఏమన్నా చెప్పి పెట్టు," అన్నాడు.

"ఏం చెప్పల్ల?"

"నాకేం తెల్సు? మాట్లాడేటోనివి నువ్వు."

మైకు పట్టుకుని కూర్చున్నాను. ఇన్ని ఊళ్లకు ఇన్ని సంగతులు చెప్పిన నాకు ఇంట్లో మనిషికి చెప్పాల్సింది తట్టలేదు. చివరికి, "అమ్మా, అన్నం తింటివా?" అన్నాను. తర్వాత నిశ్శబ్దం భరించలేక, అలవాటు కొద్దీ, "త్వరపడండి, ఆఫరు కొద్ది రోజులే," అనేశాను.

బావ చెరిపేస్తాడనుకున్నాను. చెరపలేదు.

పుండ్లు మానాయి. మళ్లీ ఆసుపత్రి. ఈసారి టోపీ లేదు, వెంట్రుకలు గరిక మొలిచినట్టు మొలిచాయి. డాక్టరమ్మ తల తడిమి చూసి సరే అంది. తర్వాత అడిగింది. "ఏమనుకున్నారు?"

"మాట దగ్గరికొస్తే ఆపేయండి మేడం," అన్నాను.

నాయన పక్కనే ఉన్నాడు. లేచి వరండాలోకి పోయాడు. నేను వెనకే పోయాను. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"దాన్ని తలకాయలో పెట్టుకోని తిరుగుతావా?" అన్నాడు.

"మాట లేకుండా తిరిగేదానికంటే మేలు నాయనా. మూగోని మైకు ఎవురు పెట్టుకుంటారు?"

"మాట లేకున్నా నువ్వుంటావు గదరా," అన్నాడు. "ఇంట్లో ఉంటావు. మాకు అది చాలదా?"

నేనూ ఆయన పక్కన ఇంకో ఊచ పట్టుకుని నిలబడ్డాను. డాక్టరమ్మకు చెప్పిన మాట మాత్రం మార్చలేదు.

ఆపరేషను రోజు. నన్ను లేపినప్పుడు మొదట వినబడింది డాక్టరమ్మ గొంతు, కన్నడంలో, ఎవరికో ఏదో అందించమంటోంది. తల కదలదు, బిగించేశారు. ముఖం మీద నీలం గుడ్డతో చిన్న గుడారం. ఆ గుడారంలో నాకు ఎదురుగా ఒక అమ్మాయి, చేతిలో బొమ్మలు చూపే పలక. మాటలు పరీక్షించేది ఆమె పని. ముందు రెండు రోజులు నాతో కూర్చుని మా ఇంట్లో దేన్ని ఏమంటారో, తాళంచెవిని బీగంచెవి అంటామని కూడా, అడిగి నేర్చుకుంది. ప్రతి బొమ్మకూ 'ఇది' అని మొదలుపెట్టి పేరు చెప్పాలి. ఒకసారి తెలుగు, ఒకసారి కన్నడం.

"ఇది కుక్క."

"ఇదు నాయి."

"ఇది బీగంచెవి."

ఆ 'ఇది' ఎందుకో ఆమె ముందే చెప్పింది. 'ఇది' వచ్చి పేరు రాకపోతే ఒక రకం చోటు. 'ఇది' కూడా రాకపోతే ఇంకో రకం.

వెనక ఎక్కడో నీళ్లు పీల్చే శబ్దం. అది నా తల లోపలిదని తెలుసుకోవడానికి కొంచెం టైము పట్టింది. కాళ్లు వణకడం మొదలైంది. ఎవరో దుప్పటి కప్పారు. చలికి కాదని వాళ్లకూ తెలుసు.

"మేడం," అన్నాను, "లోపలేమన్నా దొరికిందా? మా అవ్వ ఏమీ లేదంటాది."

గదిలో అందరూ నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వింది. వెంటనే, "ఇంకోసారి నవ్వించొద్దు. నా చెయ్యి కదులుతుంది," అంది.

నా జోకుకు నేనే భయపడింది అప్పుడే.

బొమ్మలు పోతున్నాయి. గొడుగు. చీపురు. తేలు. తర్వాత కోడి బొమ్మ వచ్చింది. "ఇది..." అన్నాను. అది నాకు బాగా తెలిసిన మనిషిలా ఎదురుగా నిలబడి ఉంది. దాని కాళ్లు తెలుసు, కూత తెలుసు, ఆదివారం దాని వాసన తెలుసు. పేరు లేదు.

"కన్నడంలో?" అంది ఆ అమ్మాయి నెమ్మదిగా.

"ఇదు కోళి."

వెనక డాక్టరమ్మ ఒక అంకె చెప్పింది. అక్కడ ఏదో పెట్టినట్టున్నారు. మళ్లీ ఆ చోటు జోలికి పోలేదు. కాసేపు అన్నీ సాఫీగా వచ్చాయి. ఎద్దు, పడవ, దువ్వెన. అయిపోతుందేమో అనుకున్నాను.

తర్వాత ఒక బొమ్మ వచ్చింది. ఏ బొమ్మో ఇప్పుడు గుర్తు లేదు. 'ఇది' కూడా రాలేదు. నాలుక ఉంది, పెదవులున్నాయి, లోపలి నుంచి ఎవరూ పని చెప్పడం లేదు. ధర్మవరం అంగడి ముందు కనీసం 'ప్... ప్...' అనే శబ్దమైనా వచ్చింది. ఇప్పుడు అదీ లేదు. ఆ అమ్మాయి కళ్లు నా ముఖాన్ని వదల్లేదు. కన్నడంలో అడిగింది. అదీ లేదు. నా కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. భయమేస్తోందని చెప్పడానికి కూడా ఒక మాట కావాలి కదా, అదే లేదు.

"ఆగిపోయింది మేడం," అంది ఆ అమ్మాయి.

చేతులాడే శబ్దాలన్నీ ఆగాయి. మిషను టిక్కు టిక్కు మంటోంది. కొంచెం కొంచెంగా నోరు నాదైంది. "ఇ... ది," అన్నాను. వచ్చింది. మళ్లీ అక్కడే, ఇంకోసారి తాకి చూశారు. మళ్లీ పోయింది. మళ్లీ వచ్చింది.

డాక్టరమ్మ ఎదురుగా గడ్డలో మిగిలిన ముక్క ఉంది. నా మాట కూడా అదే చోట ఉంది. ఆమె ఆలోచిస్తున్న శబ్దం వినబడుతుందేమోనని విన్నాను.

"సరే," అంది. "ఇక్కడ చాలు."

తర్వాత కొన్నాళ్లు మాటలు వచ్చాయి, కానీ వేరే ఇళ్లకు పోయాయి. నీళ్లు కావాలని 'చీర' అన్నాను. నర్సును 'ఎద్దు' అన్నాను, ఆమె తమిళమ్మాయి కాబట్టి బతికిపోయాను. వాపు తగ్గితే సర్దుకుంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. చెప్పినా, మనం అనుకున్నది ఒకటి, చెవికి వినబడేది ఇంకొకటి అయితే గుండె ఎట్లా ఉంటుందో చెప్పడం కష్టం. బావ ఒక్కసారి కూడా నవ్వలేదు. దానికి నాకు ఇంకా భయం వేసింది.

నాయన డాక్టరమ్మను అడగడం నేను మంచం మీది నుంచి విన్నాను. "అంతా వచ్చిందామ్మా?"

"చాలావరకు వచ్చింది. మాట ఉన్న చోట కొంచెం వదిలేశాం. నెమ్మది రకమేనని పరీక్షలో వచ్చింది. స్కాన్లు తీస్తూ చూసుకోవాలి."

నాయన తలూపాడు. చేతిలో ఉన్న తువ్వాలును మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

ఇంటికొచ్చాం. మొదటి వాన పడి, జనమంతా చేన్లలో ఉన్నారు. మా నాయన పోలేదు. ఆసుపత్రిలో బొమ్మలు చూపిన అమ్మాయి చెప్పి పంపిన సాధన నా చేత చేయించడం ఆయన తన పనిగా పెట్టుకున్నాడు. రోజూ ఎదురుగా కూర్చోబెట్టుకుంటాడు. నేను ఒక పూర్తి వాక్యం చెప్పాలి, తొందర పడకుండా, ఏదైనా సరే. మొదట్లో 'వాన పడింది' దగ్గరే ఆగిపోయేవాణ్ని. బావ వచ్చి వినేవాడు, రోడ్డు మీద బండి స్టార్టు కాకపోతే చుట్టూ నిలబడే వాళ్లలాగా.

ఒక మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. "చెప్పు," అన్నాడు.

నేను మొదలుపెట్టాను. మొదటి మాట వచ్చింది. రెండోది రాలేదు. దాని చుట్టూ తిరిగాను. వేరే మాట వచ్చింది, అది కాదని తల ఊపాను. ఆయన అందించలేదు. అందించకూడదని ఆ అమ్మాయి చెప్పింది. గోడకు ఆనుకుని అట్లాగే చూస్తున్నాడు.

"మెల్లిగా చెప్పు. నాకేం పనుండాది?" అన్నాడు. పని బోలెడుంది, విత్తనం అదును దాటిపోతోంది.

మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఒక్కొక్కటే, పట్టుకుని పట్టుకుని, అన్నీ వచ్చాయి.

"నాయనా... నాకు... శానా... భయమైతాంది."

ధర్మవరం నుంచి ఇంతవరకు ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. మాటలు బాగున్నప్పుడు దాన్ని దాటిపోవడం సులభం.

నాయన గోడ వదిలి ముందుకు జరిగాడు. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర.

"ఇంతేనా? ఇది చెప్పేకి ఇంతసేపా?" అన్నాడు. "నాదైతే నేను హిందూపురంలోనే చెప్పి ఉందును. నువ్వు సందు ఇస్తివా?"